చర్మకారుడి ఇంట్లో పేతురు: బైబిలు మూలభాషలు మనకెందుకు?

బైబిలు తెలుగులో ఉంది కదా, హెబ్రీ గ్రీకు నేర్చుకోవాల్సిన అవసరం ఏముంది? ఈ ప్రశ్న మమ్మల్ని రెండు రకాల వాళ్ళు అడిగారు. మొదటి రకం మా వాడ జనం. వాళ్ళ అడగడంలో కపటం లేదు. ఆరు రోజులు కూలికి పోయి ఏడో రోజు ప్రార్థనకు వచ్చేవాళ్ళకి, చేతిలో ఉన్న పుస్తకం చాలకపోవడం ఏమిటో అర్థం కాదు. రెండో రకం చదువుకున్నవాళ్ళు. మేము వేదాంత విద్య చదివే రోజుల్లో ఒక అధ్యాపకుడు, "పల్లెల్లో ప్రసంగాలు చెప్పుకోవడానికి మీకు తెలుగు బైబిలు చాలు, మూలభాషలు పై చదువులకి పోయేవాళ్ళ కోసం" అన్నాడు. ఆ 'మీకు' అన్న మాటలో ఎవరున్నారో తరగతిలో అందరికీ తెలుసు. వేదం వింటే చెవుల్లో సీసం పొయ్యమన్న దేశంలో పుట్టినవాళ్ళం. ఫలానా భాష మీకెందుకు అంటే, ఆ భాషలో ఏముందో చూడాలనే అనిపిస్తుంది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒకటే. ఏ అనువాదమైనా కొన్ని మాటల్ని ఏరుకుంటుంది, కొన్నిటిని వదిలేస్తుంది. తెలుగులో ఆ ఏరుకోవడం కులం ఉన్న భాషలో జరిగింది. కాబట్టి కులం ఎక్కడ బైబిల్లోకి వచ్చి చేరింది, ఎక్కడ నిజంగా ఉన్న అణచివేత మాటల చాటున మాయమైంది అనేది మూలభాష తెలిస్తేనే తేల్చగలం. దీన్ని కొన్ని మాటల ద్వారా వివరిస్తాం.

1. చెప్పుల జత

మా తాత చెప్పులు కుట్టేవాడు. మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా కీర్తనలు పదీ పదిహేను గ్రాంథికంలోనే గడగడా చెప్పేది. ఒక సాయంత్రం ఆమోసు గ్రంథం రెండో అధ్యాయం చదివి వినిపిస్తున్నాం. బీదవాళ్ళని 'పాదరక్షల' కోసం అమ్మేస్తున్నారని ప్రవక్త కోప్పడే చోటు అది. నాయనమ్మ ఆపి "పాదరక్షలంటే ఏందిరా?" అంది. "చెప్పులే, నాయనమ్మా" అన్నాం. "చెప్పులైతే చెప్పులని రాయొచ్చు గదరా" అంది.

అప్పుడు నవ్వి ఊరుకున్నాం. కానీ ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది. హెబ్రీలో అక్కడున్న మాట 'నఅలయిమ్'. 'నఅల్' అంటే చెప్పు. చివరి 'అయిమ్' జతని చెప్పే ద్వివచనం. అంటే ఒక జత చెప్పులు. మండే పొద దగ్గర మోషేని చెప్పులు విడవమన్న చోట (నిర్గమకాండం 3:5) కూడా ఈ 'నఅల్' మాటే ఉంది. అక్కడ మన పాత తెలుగు బైబిలు 'చెప్పులు' అనే రాసింది. ఆమోసు దగ్గరికి వచ్చేసరికి 'పాదరక్షలు' అయింది (2:6, 8:6).

ఆమోసు క్రీ.పూ. 8వ శతాబ్దం నాటి మనిషి. గొర్రెలు కాసుకుని, మేడిపండ్లు ఏరుకుని బతికినవాడు. ఉత్తర ఇశ్రాయేలు రాజ్యంలో ధనికులు పేదల్ని ఎంత చవగ్గా కొంటున్నారో చెప్పడానికి ఒక చెప్పుల జతని చూపించాడు. చెప్పుల ఖరీదంత అప్పుకి మనిషి అమ్ముడుపోతున్నాడని కొందరు పండితులు అర్థం చెప్తారు. చెప్పు విడిచి ఇవ్వడం ఆస్తి హక్కు బదిలీకి గుర్తు (రూతు 4:7) కాబట్టి ఇది భూమి గుంజుకోవడం గురించి అని ఇంకొందరు అంటారు. ఏ అర్థం తీసుకున్నా మాట మాత్రం దుమ్ములో నడిచే మాట. 'పాదరక్ష' అనగానే దాని తోలు వాసన పోతుంది. చెప్పులు కుట్టినవాళ్ళ ఇంట్లో ఆ వాక్యం చదివితే, అది తమ ఇంటి వస్తువు గురించేనని వాళ్ళకి తెలియకుండా పోయింది.

2. ఏ భాషలు, ఎలాంటి భాషలు

ఇక్కడ కొంచెం ఆగి మూలభాషల సంగతి చెప్పుకోవాలి. పాత నిబంధనలో ఎక్కువ భాగం హెబ్రీలో ఉంది. దానియేలు, ఎజ్రా గ్రంథాల్లో కొన్ని భాగాలు దానికి అక్కచెల్లెలు లాంటి అరమాయిక్ భాషలో ఉన్నాయి. హెబ్రీకి 22 అక్షరాలు. కుడి నుంచి ఎడమకి రాస్తారు. పాత రోజుల్లో హల్లులే రాసేవాళ్ళు. అచ్చుల్ని తెలిపే చుక్కలూ గీతలూ క్రీస్తు శకంలో చాలా శతాబ్దాలు గడిచాక మసోరెట్లు అనే యూదు పండితులు చేర్చారు. చాలావరకు మూడు హల్లుల ధాతువు నుంచి మాటలు పుడతాయి. ఉదాహరణకి 'ఎ-బ-ద' ధాతువు. దాని నుంచి 'ఎబెద్' అంటే బానిస, సేవకుడు. 'అబోదా' అంటే చాకిరీ. ఆ 'అబోదా'యే దేవుడి ఆరాధన కూడా. ఈ సంగతికి మళ్ళీ వస్తాం.

కొత్త నిబంధన గ్రీకులో ఉంది. యేసు మాట్లాడింది అరమాయిక్. ఆ మాటలు కొన్ని మార్కు సువార్తలో అలాగే మిగిలాయి, 'తలీతా కుమీ', 'ఎప్ఫతా' లాంటివి. ఈ గ్రీకు హోమరుది కాదు, ప్లేటోది కాదు. దాన్ని 'కొయినే' అంటారు. అంటే అందరిదీ, ఉమ్మడిది అని. ఒకప్పుడు పండితులు ఇది తక్కువ రకం గ్రీకు అని మొహం చిట్లించేవాళ్ళు. 19వ శతాబ్దం చివర ఈజిప్టు ఇసుకలో వేల కొద్దీ పపైరస్ కాగితాలు బయటపడ్డాయి. అప్పు పత్రాలు, పన్ను రశీదులు, ఇంటికి రాసుకున్న ఉత్తరాలు అవి. వాటిని చూసి జర్మన్ పండితుడు అడాల్ఫ్ డైస్మన్ లాంటివాళ్ళు కొత్త నిబంధన భాష సంతలో, ఇంట్లో, దారిలో జనం వాడిన భాషేనని చూపించారు. మన మాటల్లో చెప్పాలంటే వ్యావహారికం.

వ్యావహారికంలో పుట్టిన పుస్తకం మనకి గ్రాంథికంలో చేరింది. ఇది ఎట్లా జరిగింది?

3. వాడ లేని గది

బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ లూథరన్ మిషనరీ 18వ శతాబ్దంలోనే మద్రాసులో తెలుగు అనువాదం చేశాడు కానీ అది బైబిలుగా అచ్చుకాలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. వాళ్ళకి అనువాదంలో తోడు నిలిచినవాడు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. వాళ్ళు తయారుచేసిన సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. 1818లో సెరంపూర్ మిషనరీలు తెలుగు కొత్త నిబంధన తెచ్చారు. 19వ శతాబ్దం మధ్యకి పూర్తి బైబిలు వచ్చింది. ఆ తర్వాత సవరణలు జరిగాయి.

ఇప్పుడు వాడల చరిత్ర చూడండి. తాళ్ళకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నది 1866లో. ఒంగోలు మిషన్‌లో జాన్ క్లౌ కాలంలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది 1878 జూలైలో. మాల మాదిగలు వేలుగా క్రైస్తవంలోకి వచ్చేటప్పటికి బైబిలు తెలుగు ఒక రూపానికి వచ్చేసింది. దేవుడి గురించి ఏ మాటల్లో మాట్లాడాలో అర్ధ శతాబ్దం ముందే నిర్ణయమైపోయింది. ఆ నిర్ణయం జరిగిన గదిలో దొర ఉన్నాడు, పండితుడు ఉన్నాడు. వాడ లేదు.

ఎవరో కూర్చుని కుట్ర పన్నారని మేము అనడం లేదు. ఆ రోజుల్లో పవిత్ర గ్రంథం అంటే సంస్కృతం కలిసిన గ్రాంథికంలో ఉండాలని అందరూ అనుకున్నారు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ గ్రాంథికాన్నే మా నాయనమ్మలాంటి వాళ్ళు చెవితో నేర్చుకుని సొంతం చేసుకున్నారు. బడి గడప తొక్కనివ్వని మనుషులు 'చెప్పుచున్నాను', 'లేవనెత్తువాడు' అంటూ పండితుల భాషలో ప్రార్థన చేశారు. దాన్ని మేము ఎగతాళి చెయ్యం. కానీ సొంతం చేసుకున్న దాంట్లో ఏముందో విప్పి చూసుకునే హక్కు మాకుంది.

4. వడ్లవాడు, చర్మకారుడు

యేసు వృత్తి ఏమిటి? మార్కు 6:3లో గ్రీకు మాట 'టెక్టోన్'. చెక్కతో, కొన్ని చోట్ల రాయితో కూడా కట్టుబడి పని చేసేవాడు అని అర్థం. తెలుగు బైబిలు 'వడ్లవాడు' అంది. తెలుగు నేలలో వడ్లవాడు ఒట్టి వృత్తి కాదు, కులం కూడా. ఆ మాట రాయగానే యేసుకి ఊళ్ళో ఒక ఇల్లు, పంచాణం వారిలో ఒక చోటు దొరికాయి. ఇది అనువాదకుడి తప్పు కాదు. మన భాషలో కులం తగలకుండా వృత్తి పేరు చెప్పడం కష్టం.

అయితే ఇదే పుస్తకంలో ఇంకో వృత్తివాడు ఉన్నాడు. అపొస్తలుల కార్యాల్లో పేతురు యొప్పే పట్నంలో సీమోను అనే ఆయన ఇంట్లో చాలా రోజులు ఉంటాడు. ఆ సీమోను వృత్తిని గ్రీకు 'బుర్సెయుస్' అని చెప్తుంది. 'బుర్సా' అంటే పశువు తోలు. తోళ్ళు ఊనేవాడు అన్నమాట. తెలుగులో 'చర్మకారుడు' అని వచ్చింది. వడ్రంగి దగ్గర ఊరి మాట, తోలు పనివాడి దగ్గర సంస్కృతం మాట. చెప్పులు 'పాదరక్షలు' అయినట్టే ఇది కూడా.

'మాదిగ సీమోను' అని రాయాల్సిందని మేము అనం. అట్లా రాస్తే అది తప్పు అనువాదం. యూదుల్లో తోలు పనివాడి కొడుకు వేరే పని చేసుకోవచ్చు. పుట్టుకతో మెడకి కట్టిన కులం అది కాదు. కానీ ఆ వృత్తికి అంటిన మైల మాత్రం నిజం. సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చిన యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో ఒక నియమం ఉంది. పశువుల కళేబరాలు, సమాధులు, తోళ్ళు ఊనే చోట్లు ఊరికి యాభై మూరల దూరంలో ఉండాలి. తోళ్ళ చోటు ఊరికి తూర్పు పక్కనే పెట్టాలి. మరో చోట, తోలు పని చేసే భర్తతో ఉండలేనన్న భార్యకి విడాకులు అడిగే హక్కు ఇచ్చింది. కళేబరం, వల్లకాడు, లంద ఈ మూడూ ఊరి బయట ఒక వరసలో ఉండటం మన పల్లెల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ వివరించనక్కర్లేదు.

సీమోను ఇల్లు సముద్రం పక్కన ఉందని గ్రంథం చెప్తుంది. అతని పేరు, అతని వృత్తి అని మూడు సార్లు గుర్తు చేస్తుంది (9:43, 10:6, 10:32). ఆ ఇంటి మిద్దె మీదే పేతురికి దర్శనం కలుగుతుంది. తినకూడని జంతువుల్ని చూపించి, దేవుడు శుద్ధి చేసిన దాన్ని మైల అనొద్దని ఆ దర్శనం చెప్తుంది. తర్వాత పేతురు రోమా సైన్యాధికారి కొర్నేలి ఇంటికి వెళ్ళి, ఏ మనిషినీ మైలవాడని అనకూడదని దేవుడు తనకి చూపించాడని చెప్తాడు.

ఈ అధ్యాయం మీద మేము చాలా ప్రసంగాలు విన్నాం. అన్నీ కొర్నేలి గురించే. హోదా ఉన్న అధికారి మారుమనస్సు పొందడమే కథ అయిపోయింది. ఆ మిద్దె ఎవరిదో ఎవరూ చెప్పలేదు. పేతురు సీమోను ఇంట్లో ఎందుకు దిగాడో గ్రంథం చెప్పదు కాబట్టి మేము కూడా కల్పించం. కానీ మైల గురించిన పాఠం, కింద లంద వాసన వస్తుండగా పైన మొదలైందన్నది గ్రంథంలోనే ఉంది. 'చర్మకారుడు' అన్న నున్నటి మాట దగ్గర మన చూపు జారిపోయింది.

5. బావి దగ్గర

యోహాను సువార్త నాలుగో అధ్యాయం అందరికీ తెలిసిందే. యేసు సమరయ స్త్రీని నీళ్ళడుగుతాడు. ఆమె ఆశ్చర్యపోతుంది. యూదులు సమరయులతో 'సాంగత్యము' చెయ్యరని తెలుగు బైబిలు వివరం ఇస్తుంది. సాంగత్యం అంటే స్నేహం, కలిసి తిరగడం. స్నేహం లేదు కాబట్టి నీళ్ళు అడక్కూడదా అని సందేహం వస్తుంది.

గ్రీకులో ఉన్న క్రియ 'సుంక్రోన్తై'. 'సున్' అంటే కలిసి, 'క్రావొమాయ్' అంటే వాడుకోవడం. విడగొట్టి చూస్తే 'కలిపి వాడుకోరు'. డేవిడ్ డౌబ్ అనే పండితుడు 1950లో, ఇక్కడ మాట గిన్నెల గురించి అని వాదించాడు. అంటే యూదులు సమరయులతో ఒకే పాత్ర వాడరు. కథ కూడా దీనికి తగ్గట్టే ఉంది. యేసు దగ్గర చేద లేదని ఆమే అంటుంది. కుండ ఆమెది. నీళ్ళు తాగాలంటే ఆమె కుండతోనే తాగాలి.

ఈ అర్థాన్ని పండితులందరూ ఒప్పుకోలేదు. మామూలుగా 'వ్యవహారం పెట్టుకోరు' అనే అర్థం కూడా ఆ క్రియకి ఉంది. కొన్ని పాత రాతప్రతుల్లో ఈ వాక్యమే లేదు. అయినా హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళకి, దోసిట్లో నీళ్ళు పోయించుకున్నవాళ్ళకి ఏ అర్థం దగ్గరగా ఉంటుందో చెప్పాలా? మా అనుభవం మూలాన గ్రీకు మారదు. కానీ గ్రీకులో ఆ అర్థానికి చోటుందని తెలిసినప్పుడు, మా అనుభవం కూడా వ్యాఖ్యానానికి సాక్ష్యంగా నిలబడుతుంది. 'సాంగత్యం' ఆ తలుపు మూసేసింది. మూలభాష తెలియనివాడికి అక్కడ తలుపుందనే తెలియదు.

6. దాసుడు, బానిస, వెట్టి

పౌలు తనని క్రీస్తుకి 'దూలోస్' అని పిలుచుకుంటాడు. ఫిలిప్పీ పత్రికలో (2:7) యేసు కూడా 'దూలోస్' రూపం తీసుకున్నాడని ఉంది. తెలుగులో అన్ని చోట్లా 'దాసుడు'. దాసుడు మనకి భక్తుడి మాట. రామదాసు, హరిదాసు వినిపిస్తారు. దూలోస్ మాత్రం సంతలో కొన్న మనిషి, బానిస. ఆ మాట తర్వాత పౌలు వెంటనే సిలువ గురించి ఎందుకు మాట్లాడాడో ఇప్పుడు తెలుస్తుంది. రోమా సామ్రాజ్యంలో సిలువ బానిసలకీ తిరగబడ్డవాళ్ళకీ వేసే శిక్ష. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక ఆరు వేల మందిని రోడ్డు పొడుగునా సిలువ వేశారు. బానిస రూపం తీసుకున్నవాడు బానిస చావు చచ్చాడని పౌలు చెప్తున్నాడు. 'దాసుడు' అన్నప్పుడు ఈ రెండిటి మధ్య ముడి తెగిపోతుంది.

ప్రతి చోటా అనువాదం మనల్ని వదిలేసిందని కూడా అనలేం. నిర్గమకాండం 1:11లో ఫరో ఇశ్రాయేలీయుల మీద 'సారే మిస్సీమ్' అనే అధికారుల్ని పెట్టాడు. 'మస్' అంటే కూలి లేకుండా బలవంతాన చేయించే పని. తెలుగు బైబిలు ఇక్కడ 'వెట్టి' అనే మాట వాడింది. అంతకంటే సరైన మాట తెలుగులో లేదు. వెట్టి చాకిరీ చేసిన తరాలకి ఈజిప్టు ఎక్కడుందో చూపించింది ఆ మాటే. 113వ కీర్తనలో పేదవాణ్ణి ఎత్తే చోటుని 'పెంటకుప్ప' అని ఉన్నదున్నట్టు చెప్పింది కూడా ఈ అనువాదమే.

ఇప్పుడు ఇందాకటి 'అబోదా' దగ్గరికి వద్దాం. ఫరోకి చేసే చాకిరీ 'అబోదా'. నా ప్రజలు నన్ను సేవించడానికి వాళ్ళని పోనివ్వమని దేవుడు అడిగేటప్పుడు వాడిన క్రియ కూడా ఆ ధాతువుదే. అంటే నిర్గమకాండంలో గొడవ ఒక్క మాట మీద నడుస్తుంది. ఈ జనం చాకిరీ ఎవరిది? ఫరోదా, దేవుడిదా? తెలుగులో ఒకటి చాకిరీ, ఇంకోటి సేవ, ఆరాధన. ఆరాధన ఆదివారానికి, చాకిరీ మిగతా ఆరు రోజులకీ అని పంచుకోవడం మనకి అలవాటైంది. హెబ్రీలో ఆ పంపకం అంత సులువు కాదు.

7. చేదు కూడా మింగాలి

మూలభాష మనకి తీపి కబుర్లే చెప్పదు. ఎఫెసీ పత్రికలో (6:5) యజమానులకి లోబడమని చెప్పింది కూడా ఈ 'దూలోస్'లకే. పౌలుని బానిస అని తిరగరాస్తే, ఆ వాక్యాన్ని కూడా బానిసలారా అని తిరగరాయాలి. ఒక చోట పదును పెట్టి ఇంకో చోట మెత్తగా వదిలెయ్యడం పరిశోధన కాదు.

'మస్' కథ కూడా ఈజిప్టుతో ఆగదు. విడుదలైన ఇశ్రాయేలీయులు కనాను చేరాక అక్కడి జనం మీద అదే 'మస్' పెట్టారని యెహోషువ, న్యాయాధిపతుల గ్రంథాల్లో ఉంది. గిబియోను వాళ్ళని తరతరాలుగా కట్టెలు కొట్టడానికి, నీళ్ళు మొయ్యడానికి పెట్టారు (యెహోషువ 9). ఇది చదివితే మాకు గుడి మాన్యం కింద వెట్టి చేసినవాళ్ళు గుర్తొస్తారు. సొలొమోను మందిరం కట్టడానికి సొంత జనం మీదే 30 వేల మందితో 'మస్' నడిపాడు. అతని కొడుకు రెహబాము కాలంలో పది గోత్రాలు తిరగబడి, వెట్టి మీద అధికారిగా ఉన్న అదోరాముని రాళ్ళతో కొట్టి చంపాయి (1 రాజులు 12:18). ఒక్క మాట వెంట పోతే, వెట్టి చేసినవాడు వెట్టి చేయించేవాడిగా మారడమూ, దాని మీద మళ్ళీ తిరుగుబాటూ అన్నీ కనిపిస్తాయి. మన సంఘాల్లో మాల మాదిగల మధ్య హెచ్చుతగ్గుల గురించి మాట్లాడ్డానికి ఇంతకంటే మంచి పాఠం మాకు దొరకలేదు.

8. 'దల్' అంటే దళితుడేనా?

ఈ మధ్య సభల్లో ఒక మాట తరచుగా వింటున్నాం. హెబ్రీలో 'దల్' అంటే పేద, బలహీనుడు కాబట్టి 'దళిత' బైబిలు మాటేనని. కొందరు దళిత వేదాంతులు కూడా ఇట్లా రాశారు. దీని మీద స్పష్టంగా ఉండాలి. హెబ్రీ సెమిటిక్ భాష. దాని 'దల్'కి మూలం కుంగిపోవడం, సన్నగిల్లడం అనే అర్థం ఉన్న ధాతువు. సంస్కృతంలో 'దల్' ధాతువుకి పగలడం, చీలడం అని అర్థం. అది వేరే భాషా కుటుంబం. ఉర్దూ 'బద్మాష్'లో ఉన్న 'బద్'కీ ఇంగ్లీషు 'బ్యాడ్'కీ అర్థం ఒకటే అయినా చుట్టరికం లేదు. ఇదీ అంతే. శబ్దం కలిసినంత మాత్రాన వంశం కలవదు. ఈ వాదన మీద మన వేదాంతం కడితే, ఒక్క వ్యాకరణ పండితుడు వచ్చి దాన్ని కూలదోస్తాడు. అప్పుడు నష్టపోయేది మనం.

పైగా మనకా వాదన అవసరం లేదు. 'దల్' ఎక్కడెక్కడ ఉందో చూస్తే చాలు. గిద్యోను తన కుటుంబాన్ని చెప్పుకున్న మాట 'దల్' (న్యాయాధిపతులు 6:15). కీర్తనలో మంటిలోంచి లేచేవాడు 'దల్'. ఆమోసులో వెండికి అమ్ముడుపోయేవాళ్ళు 'దల్లీమ్'. తెలుగులో ఒక చోట 'ఎన్నికలేని', ఇంకో చోట 'దరిద్రుడు' అని వచ్చింది. వేరువేరు మాటలు కావడంతో వీళ్ళంతా ఒకే వరస మనుషులని చదువరికి తెలియకుండా పోయింది. అర్థంలో ఉన్న ఈ చుట్టరికం మనం రుజువు చెయ్యగలిగింది. దాన్ని పట్టుకుందాం.

9. వేదాంతం ఎక్కడ మొదలవుతుంది

1981లో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అర్వింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో దళిత వేదాంతం పేరు తెచ్చుకుంది. ఆయన తర్వాత ఆధారం చేసుకున్న వాక్యాల్లో ద్వితీయోపదేశకాండం 26:5 ముఖ్యమైంది. అక్కడ ఇశ్రాయేలీయుడు మొదటి పంట బుట్ట పట్టుకుని తన విశ్వాసాన్ని చెప్పేటప్పుడు, ముందు తన తండ్రి ఎవరో చెప్తాడు. 'అరమ్మీ ఓబేద్'. దిక్కు లేకుండా తిరిగినవాడు, నాశనమైపోతున్నవాడు అని రెండు అర్థాలూ ఆ మాటలో ఉన్నాయి. దేవుడి గురించి మాట్లాడేముందు తన పుట్టుక దాచుకోకుండా చెప్పాడు. నిర్మల్ దీన్నే దళిత విశ్వాసానికి నమూనాగా తీసుకున్నాడు. గుడిలో కులం మాట ఎత్తొద్దు, క్రీస్తులో అందరం ఒకటే అని మన నోరు మూసేవాళ్ళకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఇదంతా నేర్చుకోవడం కష్టమా? కష్టమే. పాఠ్య పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు రెండు భాషలు దాటి మూడో భాష దగ్గరికి పోవాలి. మేమూ అట్లాగే పోయాం. కానీ మనకి కొన్ని సదుపాయాలున్నాయి. గ్రీకులో నామవాచకం చివర మారి విభక్తి తెలుస్తుంది. 'రాముడు, రాముణ్ణి, రాముడికి' అనే మనకి ఇది కొత్త కాదు. 'థ', 'ఫ' లాంటి ఒత్తక్షరాలు మనకి పరిచయమే. రోజుకి రెండు మూడు అక్షరాలు దిద్దినా పది రోజుల్లో హెబ్రీ అక్షరమాల చేతికొస్తుంది. పండితులం కానక్కర్లేదు. ఒక వాక్యంలో ఏ మాట ఉందో, అదే మాట ఇంకెక్కడ ఉందో వెతికి చూడగలిగితే చాలు, పని మొదలైనట్టే.

మేము చేస్తున్న పద్ధతి చెప్తాం. మా వాడలో ఆదివారం మధ్యాహ్నం పదిమందిమి కూర్చుంటాం. ఒక వాక్యం చదువుతాం. అందులో ఒక మాటని మూలంలో ఏమని ఉందో మేము చెప్తాం. దానికి వాడలో ఏ మాట సరిపోతుందో వాళ్ళు చెప్తారు. 'బుర్సెయుస్' అర్థం చెప్పిన రోజున తంగేడు చెక్క, సున్నం, లంద గుంటల గురించి పెద్దవాళ్ళు గంట సేపు మాట్లాడారు. ఆ మాటలు ఏ నిఘంటువులో ఎంతవరకు ఉన్నాయో తర్వాత చూద్దాం, ముందు రాసిపెట్టుకున్నాం. మూలభాష ఒక్కటే వస్తే అనువాదం కాదు. చేరాల్సిన భాష కూడా రావాలి. మొదటిది మేము కాలేజీలో నేర్చుకున్నాం. రెండోది వాడ పెద్దల దగ్గర ఉంది, వాళ్ళతో పాటే పోతోంది.

మా నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆమె అడిగిన చోట, ఆమోసు రెండో అధ్యాయం పక్కన, మా బైబిలు అంచు మీద పెన్సిలుతో 'చెప్పుల జత' అని రాసుకున్నాం. మీ వాడలో కూడా ఇట్లాంటి ప్రశ్న అడిగినవాళ్ళు ఉండే ఉంటారు. ఆ ప్రశ్నలు రాసి పంపండి. జవాబులు కలిసి వెతుకుదాం.